పాత బండి ముందు షాకులు కారుతున్నాయా? ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి

మా నాన్నగారి స్ప్లెండర్ 2001 మోడల్. ఒకే ఏడాదిలో దానికి మూడుసార్లు ముందు షాకుల ఆయిల్ సీళ్లు (నూనె బయటికి రాకుండా పైపు చుట్టూ ఉండే రబ్బరు రింగులు) మార్పించాను. మార్చిన ప్రతిసారీ నెల తిరక్కుండానే ఎడమ పైపు మీద మళ్లీ తడి. సీలు మంచిది కాదేమోనని దుకాణం మార్చాను. కంపెనీ సీలు కొన్నాను. మెకానిక్‌ని కూడా మార్చాను. నాలుగోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, ఆయన పానా కూడా పట్టుకోలేదు. గుడ్డతో పైపు తుడిచి, నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు.

"ఎన్ని సీళ్లేసినా ఇంతే బాబూ. గోరు పెట్టి పైనుంచి కిందికి లాగి చూడు."

లాగాను. బెత్తెడు దూరం నున్నగా జారిన గోరు ఒకచోట టక్కున ఆగింది. వంగి చూస్తే ఆవగింజలో సగం కూడా లేని తుప్పు గుంట. బండి గుంతలో పడ్డ ప్రతిసారీ సీలు పెదవి ఆ గుంట అంచు మీదుగా పోతోంది, కోసుకుంటోంది. మూడుసార్లు పెట్టిన డబ్బు, మూడు ఆదివారాలు ఆ చుక్క దగ్గరే పోయాయి.

ఆ తర్వాత మా ఇంట్లో బళ్లకీ చుట్టాల బళ్లకీ ఈ పని చాలాసార్లు చేశాను, చేయించాను. ఆయిల్ ఒక్కటే మార్చుకోవాలా, సీళ్లు ఇంట్లోనే వేసుకోవాలా, మెకానిక్‌కి ఇచ్చేయాలా, పైపులే మార్చేయాలా అని నలుగురైదుగురు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేదంతా పాతకాలం మామూలు ఫోర్కుల, అంటే ముందు షాకుల గురించే. పైన మెరిసే క్రోమ్ పైపు, కింద అది దూరే అల్యూమినియం కాలు, లోపల స్ప్రింగు, ఊపును అణిచే డ్యాంపర్ రాడ్, ఆయిల్ ఉండేవన్న మాట. తలకిందులుగా ఉండే కొత్తరకం ఖరీదైన ఫోర్కులకు ఈ లెక్కలు పనికిరావు.

## ఏ దారి అనేది తేల్చుకునే ముందు

అన్నిటికంటే ముందు గోరు పరీక్ష చేయండి. పైపు మీద దుమ్ము, గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచి, నాలుగువైపులా గోరుతో గీసి చూడండి. రబ్బరు బూట్లు ఉన్న బండైతే వాటిని పైకి జరిపి మరీ చూడాలి. బూటు దుమ్మును ఆపుతుంది గానీ, వానాకాలంలో లోపలికి చేరిన నీటిని కూడా బయటికి పోనివ్వదు. పైకి శుభ్రంగా కనిపించే పైపు బూటు కింద తుప్పు పట్టి ఉండటం నేను రెండు బళ్లకు చూశాను.

గుంట కనిపించగానే కంగారు పడక్కర్లేదు, అది ఎక్కడుందన్నది ముఖ్యం. పైపు చుట్టూ సన్నటి రబ్బరు బ్యాండు వేసి, కాలు పైఅంచున దుమ్మును ఆపే డస్ట్ సీలు దాకా దించండి. మీరు రోజూ తిరిగే దారిలో ఒక రౌండు వేసి రండి. సీలు ఎంత ఎత్తుకు వెళ్లిందో బ్యాండు అక్కడికి జరిగి ఆగిపోతుంది. గుంట ఆ బ్యాండు కింద ఉంటే సీలు దాని మీదుగా వెళ్తున్నట్టే. బ్యాండుకు బాగా పైన, టీ (హ్యాండిల్ కింద పైపులు రెండింటినీ పట్టి ఉంచే బిగింపు) దగ్గర్లో ఉంటే దాని జోలికి వెళ్లకుండా బతకొచ్చు.

రెండోది వంకర. బండి ఎప్పుడైనా దేన్నైనా గుద్దిందా? తిన్నగా పోతున్నప్పుడు హ్యాండిల్ ఒకవైపు తిరిగి ఉంటోందా? పైపు వంగి ఉంటే సీలు ఒకవైపే అరుగుతుంది. అది ఇంట్లో సరిచేసే పని కాదు.

మూడోది బ్రేకు. ముందు డ్రమ్ బ్రేకు ఉన్న బండికి ఆయిల్ కారితే రెండు వారాలు ఓపిక పట్టొచ్చు. డిస్క్ ఉన్న బండికి అలా కుదరదు. కాలు వెంబడి దిగిన నూనె డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్ మీదికి, ప్యాడ్ల మీదికి చేరిందంటే వారధి దిగేటప్పుడు లారీ వెనక బ్రేకు పట్టదు. ప్యాడ్లు ఒకసారి ఆయిల్ పీల్చాక తుడిస్తే పోదు, మార్చాల్సిందే. అందుకే డిస్క్ బండివాళ్లు "వచ్చే నెల చూద్దాంలే" అనుకోవద్దని బతిమాలి చెబుతాను.

ఆపైన మీ సంగతి. బండి లేకుండా ఎన్ని రోజులు గడుస్తుంది? పని చేసుకోవడానికి నీడ ఉన్న చోటు ఉందా, లేక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నూనె చుక్క పడితే గొడవయ్యే పరిస్థితా? మీ మోడల్‌కి సామాను దొరుకుతుందా? స్ప్లెండర్, పల్సర్ సీళ్లు గుంటూరులో ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా ఇస్తారు. ఆర్ఎక్స్ 100, పాత యెజ్డీ లాంటి మోడళ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి వాటికి ముందు సామాను చేతికి వచ్చాకే బండి విప్పాలి. విప్పేసి వెతకడం మొదలుపెడితే బండి నెలల తరబడి గోడకు ఆనుకుని ఉంటుంది.

ఇంకొక్క మాట. గుంతల్లో "టక్ టక్" చప్పుడు వస్తే అది ఫోర్కుదే కానక్కర్లేదు. ముందు చక్రం గాల్లోకి లేపి, కాళ్లు రెండూ కిందిభాగంలో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. మెడ దగ్గర కదిలితే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు, అంటే కోన్ సెట్ వదులైంది. పైపు, కాలు కలిసేచోట కదిలితే ఫోర్కు అరిగింది. ఈ తేడా తెలియక కోన్ సెట్ బిగిస్తే పోయేదానికి ఫోర్కులు విప్పించుకున్నవాళ్లు ఉన్నారు.

## ఒక్కచూపులో అయిదు దారులు

| దారి | ఎప్పుడు సరిపోతుంది | ఖర్చు | మీకు పట్టే సమయం | పొరపాటు జరిగితే |
|---|---|---|---|---|
| ఆయిల్ మాత్రమే మార్చడం | కారడం లేదు, ముందుభాగం మెత్తబడింది | చాలా తక్కువ | ఒక పూట | మళ్లీ పోసి సరిచేయొచ్చు |
| ఇంట్లోనే సీళ్లు మార్చడం | కారుతోంది, పైపు నున్నగా ఉంది | వందల్లో, పనిముట్లు అదనం | మొదటిసారి రోజంతా | సీలు పాడవుతుంది, కాలు లోపలిగోడ గీసుకుపోవచ్చు |
| కాళ్లు మీరే విప్పి మెకానిక్‌కి ఇవ్వడం | కారుతోంది, పైపు మీద అనుమానం ఉంది | వందల్లో | రెండు సగం పూటలు | తిరిగి బిగించేది మీరే, జాగ్రత్త అక్కడే కావాలి |
| బండి మొత్తం ఇచ్చేయడం | తీరిక లేదు, డిస్క్ బ్రేకు, వంకర అనుమానం | ఎక్కువ | దాదాపు ఏమీ లేదు | లోపల ఏం జరిగిందో మీకు తెలియదు |
| పైపులు మార్చడం లేదా క్రోమ్ వేయించడం | గోరు తగిలింది, సీలు తిరిగే చోటే గుంట | వేలల్లోకి వెళ్తుంది | రోజులు, వారాలు | తప్పు పైపు కొంటే డబ్బు దండగ |

## ఆయిల్ మాత్రమే మార్చుకోవడం

ఎక్కువమంది పట్టించుకోని పని ఇదే. ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకునేవాళ్లు కూడా ఫోర్కులో ఆయిల్ ఉంటుందన్న సంగతే మరిచిపోతారు. పదేళ్లు, పదిహేనేళ్లు అదే ఆయిల్ ఉన్న బళ్లు ఊళ్లో బోలెడు. పాతబడ్డ ఆయిల్ పలచబడి, లోపల అరిగిన లోహప్పొడి కలిసి బూడిదరంగు గంజిలా అవుతుంది. బ్రేకు పట్టగానే ముక్కు కిందికి పోయి, లేచి, మళ్లీ ఊగుతుంటే ఆయిల్ పని అయిపోయిందని గుర్తు.

కొన్ని పాత బళ్లకు కాలు అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అది ఉంటే పని చాలా తేలిక. స్క్రూ తీసి, ముందు బ్రేకు పట్టి నెమ్మదిగా నొక్కుతుంటే పాత ఆయిల్ చిమ్ముకుంటూ వస్తుంది. ఆ పక్కన నిలబడొద్దు. లేని బళ్లకు కాళ్లు బయటికి తీసి, పై మూత విప్పి తలకిందులుగా వంచాల్సిందే.

ఇక్కడ సింగ్‌నగర్ సంగతి చెప్పి తీరాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఆ చుట్టుపక్కలంతా మునిగినప్పుడు మా పెద్దమ్మ కొడుకు బండి రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. నీళ్లు తగ్గాక ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్పించాడు, కార్బ్యురేటర్ కడిగించాడు, వైరింగ్ చూపించాడు. బండి స్టార్టయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఫోర్కు సంగతి ఎవరికీ తట్టలేదు. మరుసటి ఎండాకాలం ముందుభాగం బిగుసుకుపోతోందని తెచ్చి ఇస్తే విప్పాను. లోపలి నుంచి వచ్చింది ఆయిల్ కాదు, పాలు ఎక్కువైన టీ. అడుగున ఇసకలాంటి మట్టి, స్ప్రింగు మీద ఎర్రటి తుప్పు పొర. సీలు చేసే పని లోపలి ఆయిల్‌ని బయటికి రానివ్వకపోవడం. రోజుల తరబడి నిలిచిన నీటిని బయటే ఆపడానికి దాన్ని చేయలేదు. అప్పట్లో మునిగిన బండి మీ దగ్గర ఇంకా ఉంటే, ఫోర్కు ఇప్పటిదాకా విప్పించకపోతే, కారకపోయినా సరే ఈ పని వాయిదా వేయకండి.

ఒక ఇబ్బంది కూడా ఉంది. సీలు అంచున ఇప్పటికే తడి కనబడుతుంటే కొత్త ఆయిల్ పోయడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. దానికి ముందు ఒక చిన్న ప్రయత్నం చేయొచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి ఇంట్లో ఏ బీరువా మీదో ఉంటుంది. దాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, ఒక మూల చిన్న కొక్కెంలా కోయండి. డస్ట్ సీలు పైకి లేపి, ఆ ముక్కను పైపుకీ ఆయిల్ సీలుకీ మధ్య దూర్చి, చుట్టూ తిప్పి పైకి లాగండి. పెదవి కింద ఇరుక్కున్న ఇసక రేణువు బయటికొస్తే కొన్నిసార్లు కారడం అక్కడితో ఆగిపోతుంది. గుంటూరు ఏటుకూరు రోడ్డు దుమ్ములో తిరిగే బళ్లకు ఇది నేను చేసి చూశాను, సగానికి సగం పనిచేసింది. సీలు నిజంగా చిరిగి ఉంటే మాత్రం ఆగదు.

## ఇంట్లోనే సీళ్లు మార్చుకోవడం

పైపు నున్నగా ఉండి, మీకు ఓపిక, నీడ, ఒక పూర్తి ఆదివారం ఉంటే ఇది తృప్తినిచ్చే పని. కానీ వీడియోలో పావుగంటలో అయిపోయినట్టు కనిపించే ఈ పనిలో మూడు ముళ్లున్నాయి.

మొదటిది బండిని నిలబెట్టడం. మెయిన్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద 25 కిలోల బియ్యం బస్తా కడితే ముందు చక్రం లేస్తుంది. అయినా బస్తా మీదే నమ్మకం పెట్టుకోవద్దు. ఇంజన్ అడుగున గట్టి చెక్క దిమ్మ పెట్టాలి. సైలెన్సర్ పైపు మీద బరువు పడకూడదు. ముందుభాగం మొత్తం ఊడదీశాక బండి ఒరిగిందంటే పక్కన కూర్చున్న మనిషి మీదే పడుతుంది.

రెండోది పై మూత. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి మరల దగ్గరికి వచ్చేసరికి అది మూతను ఎగదంతుంది. మొహం పక్కకు పెట్టి, అరచేత్తో అదిమిపట్టి విప్పాలి. కొన్ని బళ్లలో మూతకు మరలుండవు, లోపల తీగ క్లిప్ ఉంటుంది. అలాంటప్పుడు ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు క్లిప్ తీయాలి. ఒంటరిగా చేయొద్దు. పాత బుల్లెట్‌లో పైపు పైభాగం హెడ్‌లైట్ ఉండే నాసెల్‌లోకి మరతో బిగుస్తుంది. అది తెలియకుండా సుత్తితో కొడితే మర పాడవుతుంది.

మూడోది, ఎక్కువమంది చేతులెత్తేసేది, కాలు అడుగున ఉండే అలెన్ బోల్టు. దాన్ని తిప్పుతుంటే లోపలున్న డ్యాంపర్ రాడ్ కూడా దాంతోపాటే తిరుగుతుంది, ఎంత తిప్పినా బోల్టు ఊడదు. ఉపాయం ఏమిటంటే పై మూత తీయకముందే, స్ప్రింగు ఇంకా రాడ్‌ని అదిమిపట్టి ఉండగానే ఆ బోల్టును సడలించాలి. ఇంకా పూర్తిగా తీయొద్దు, కొద్దిగా కదిలిస్తే చాలు. అప్పటికీ కదలకపోతే కాళ్లు తీసుకుని ఇంపాక్ట్ గన్ ఉన్న టైర్ల షాపుకి వెళ్తే రెండు సెకన్ల పని. కాలిని వైస్‌లో నేరుగా బిగించొద్దు, గుడ్డ చుట్టాలి.

ఆ తర్వాత వరస ఇది. డస్ట్ సీలు, సర్‌క్లిప్ (సీలు పైకి రాకుండా గాడిలో కూర్చునే తీగ రింగు), పాత ఆయిల్ సీలు. పాత సీలును టైరు లివరుతో ఎత్తేటప్పుడు కాలు అంచు మీద మందపాటి గుడ్డ మడతపెట్టి దాని మీద లివరు ఆనించండి. లోపలిగోడ మీద గీత పడితే కొత్త సీలు చుట్టూ బయటివైపు నుంచి కారుతుంది, అప్పుడు తప్పు సీలుదే అనుకుంటాం. కొత్త సీలు మీద మూడు అంకెలు ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. కొనేటప్పుడే పాత సీలుతో ఆ మూడూ సరిచూసుకోండి. అంకెలున్న ముఖం పైకి, సన్నటి తీగ స్ప్రింగు కనిపించే ముఖం కిందికి, అంటే ఆయిల్ వైపుకి ఉండాలి. పైపు అంచుకు పాలిథిన్ కవరు తొడిగి, ఫోర్కు ఆయిల్ పూసి, దాని మీదుగా సీలు జార్చండి. పైపు అంచు పదును సీలు పెదవిని కోయకుండా ఉండటానికే ఆ కవరు. లోపలికి దించడానికి సరిపోయే పీవీసీ పైపు ముక్క, దాని కింద పాత సీలు అడ్డు పెట్టి నెమ్మదిగా కొట్టండి. సర్‌క్లిప్ కూర్చునే గాడి పూర్తిగా కనిపించేదాకా దిగాలి. అడుగు బోల్టు దగ్గరి రాగి వాషరు కొత్తది వేయండి. అది పది రూపాయల వస్తువే కావచ్చు, పాతదే వేస్తే అక్కడి నుంచి కారడం మొదలవుతుంది.

ఒకవైపే కారుతున్నా రెండువైపులా మార్చండి. ఒక కాలిలో కొత్త ఆయిల్, ఇంకో కాలిలో పాత గంజి ఉంటే ముందుభాగం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

బిగించేటప్పుడు ఒక క్రమం ఉంది. టీ బోల్టులు పైపు జారకుండా పట్టేంతవరకు బిగించి, ముందు యాక్సిల్ నట్టు బిగించాలి. తర్వాత బండిని నేల మీదికి దించి, ముందుభాగాన్ని నాలుగైదుసార్లు బాగా నొక్కి వదలాలి. అప్పుడు కాళ్లు రెండూ వాటంతటవే సమానంగా సర్దుకుంటాయి. ఆ తర్వాతే టీ బోల్టులు, యాక్సిల్ పక్క బిగింపు బోల్టు చివరిగా బిగించాలి. ఈ క్రమం తప్పితే కాళ్లు ఒకదాన్నొకటి లాగుతాయి, కొత్త సీలు ఉన్నా గుంతలో షాకు బిగుసుకున్నట్టుంటుంది.

## కాళ్లు మీరే విప్పి మెకానిక్ చేతికి ఇవ్వడం

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చాలామందికి సరిపోయేది కూడా ఇదేనని నా అభిప్రాయం.

చక్రం తీయడం, మడ్‌గార్డు విప్పడం, టీ బోల్టులు సడలించి కాళ్లు కిందికి జార్చడం ఎవరైనా నేర్చుకోగలిగిన పని. కష్టమైనవి సీలు, అలెన్ బోల్టు, సర్‌క్లిప్. అవి రోజూ చేసే చేతికి పది నిమిషాల పని. మీరు కాళ్లు, కొత్త సీళ్లు, ఆయిల్ సీసా తీసుకెళ్తే మెకానిక్ తీసుకునేది ఆ పది నిమిషాల కూలి మాత్రమే. సామాను ఏది వేశాడన్న అనుమానం ఉండదు, ఎందుకంటే కొన్నది మీరే. పైగా పైపు మీ చేతిలోనే ఉంటుంది, వెలుతురులో తిప్పి తిప్పి చూసుకోవచ్చు. గాజు పలక మీద దొర్లిస్తే వంకర ఉందో లేదో కూడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. పైపు కింద వెలుతురు సందు మారుతూ కనిపిస్తే వంకర ఉన్నట్టే.

గుంటూరువాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. బండి మొత్తం విజయవాడ తీసుకెళ్లక్కర్లేదు. కాళ్లు రెండూ గోనెసంచిలో చుట్టి, నిలువుగా పట్టుకుని బస్సెక్కితే చాలు. పడుకోబెడితే మూత దగ్గర నూనె కారి పక్కవాళ్ల బట్టలు పాడవుతాయి. ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లు, లేత్ పనివాళ్లు, బెండు తీసేవాళ్లు పక్కపక్కనే ఉంటారు. సీలుతో సరిపోదని తేలితే అక్కడే తర్వాతి పని చూసుకోవచ్చు.

దీనిలో ఉన్న లోటు ఏమిటంటే తిరిగి బిగించే బాధ్యత మీది. పైన చెప్పిన యాక్సిల్, టీ బోల్టుల క్రమం ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. కేబుళ్లు, స్పీడోమీటర్ వైరు ఎటువైపు నుంచి వచ్చాయో విప్పకముందే ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకోండి.

## బండి మొత్తం షాపులో ఇవ్వడం

డిస్క్ బ్రేకు బండి, వంకర అనుమానం, లేదా రోజూ గుంటూరు నుంచి విజయవాడ ఉద్యోగానికి వెళ్తూ ఆదివారం కూడా తీరిక దొరకనివాళ్లకు ఇదే సరైనది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే ఇచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. పాత సీళ్లు నాకు తిరిగివ్వాలి. ఆయిల్ కొలిచి పోయాలి. పైపు నాకు చూపించాకే కాలు మూయాలి.

రెండో మాట ఎందుకంటే నా బండి ఒకదానికి ఒక షాపులో కొలవకుండా పోసేశారు. ఆయిల్‌ని నొక్కి తగ్గించలేం, లోపల మిగిలే గాలే నొక్కుకుంటుంది. ఆయిల్ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, పెద్ద గుంతలో పడగానే లోపలి ఒత్తిడంతా సీలు మీద పడుతుంది. బాగున్న సీలు కూడా తన్నుకుని బయటికొస్తుంది. నా బండికి సరిగ్గా అదే జరిగింది, అదీ కొత్త సీలు వేసిన వారానికి.

## పైపులు మార్చడం, క్రోమ్ వేయించడం

గోరు ఆగిన చోట సీలు తిరుగుతుంటే మీ దారి ఇదే. అయినా ఒక మెట్టు ముందు ఆగి చూడొచ్చు. గుంట ఒక్కటే, చిన్నది అయితే దాని అంచును 1500 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) పైపు చుట్టూ అడ్డంగా, నెమ్మదిగా నునుపు చేసి, గుంటను ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ సమంగా రుద్దితే కొంతకాలం నడుస్తుంది. ఇది తాత్కాలికమే అని తెలిసి చేసుకోవాలి.

కొత్త కంపెనీ పైపులు దొరికే మోడలైతే రెండూ కలిపి మార్చేయడమే మంచిది. నాన్నగారి స్ప్లెండర్‌కి చివరికి చేసింది అదే. తక్కువ ధరకు వచ్చే పేరులేని పైపుల విషయంలో క్రోమ్ పొర పలచగా ఉండి త్వరగా తుప్పెక్కినవి చూశాను కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. పాత సామాన్ల దుకాణంలో వాడిన పైపు దొరికితే గోరు పరీక్ష, గాజు పలక పరీక్ష రెండూ చేయకుండా డబ్బు తీయొద్దు.

ఆర్ఎక్స్ 100, పాత యెజ్డీ లాంటి బళ్లు ఉన్నవాళ్లకు హార్డ్ క్రోమ్ మంచి దారి. పాత పొర తీసేసి, మందంగా క్రోమ్ ఎక్కించి, మళ్లీ అసలు వ్యాసానికి గ్రైండింగ్ చేస్తారు. హైడ్రాలిక్ రాడ్లకు చేసేది ఇదే పద్ధతి. ఇచ్చేముందు పైపు వ్యాసం వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసివ్వండి, తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే కొలవండి. మెరుపు కోసం వేసే అలంకార క్రోమ్ వేరు, ఇది వేరు. అలంకారపు పొర సీలు రాపిడికి నిలవదు.

వంకర విషయంలో నా మాట సూటిగా చెబుతాను. కొంచెం వంగిన పైపును ప్రెస్ మీద సరిచేయించుకోవచ్చు. మడత పడిన పైపును మాత్రం ఎంత బాగా సరిచేశామన్నా వాడొద్దు. అది మళ్లీ అక్కడే వంగుతుంది, అదీ మీరు దాని మీద కూర్చుని వేగంగా పోతున్నప్పుడు.

## ఏ ఆయిల్?

మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే. ఎంత పోయాలన్నదీ అందులోనే చూడాలి. పాత ఆయిల్ ఎంత వచ్చిందో కొలిచి అంతే పోయడం తప్పు, ఎందుకంటే కారిపోయింది అందులో లేదు.

మా దగ్గర చాలాచోట్ల సగం వాడిన డబ్బాలోని 20డబ్ల్యూ 40 ఇంజన్ ఆయిల్‌నే ఫోర్కుల్లో పోసేస్తారు. కొన్ని పాత బళ్ల మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ గ్రేడే రాసి ఉంటుంది, వాటికి ఫర్వాలేదు. మిగతావాటికి ఫోర్కు ఆయిలే కొనండి. వేగంగా పైకీ కిందికీ కొట్టుకునేచోట నురగ తక్కువ వచ్చేలా దాన్ని తయారుచేస్తారు. నురగ వస్తే షాకు పట్టు పోతుంది.

ఎండాకాలంలో ఆయిల్ పలచబడుతుందని ఒక మెట్టు చిక్కటిది పోయమంటారు కొందరు. ఒక్కరే తిరిగేవాళ్లకు నేను అలా చెప్పను. ఎప్పుడూ ఇద్దరు ఎక్కి, ట్యాంకు ముందు సరుకు సంచులు కూడా పెట్టుకునే బండైతే ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు. రెండు మెట్లు వద్దు, చిన్న గుంతలన్నీ మణికట్టుకే తెలుస్తాయి. ఒక కంపెనీ 10డబ్ల్యూ (ఆయిల్ చిక్కదనం గ్రేడు), ఇంకో కంపెనీ 10డబ్ల్యూ ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి రెండు కాళ్లకూ ఒకే సీసాలోది పోయండి. కొలవడానికి మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి చాలు. పోశాక స్ప్రింగు లేకుండా కాలిని పూర్తిగా కిందికి నొక్కి, పైఅంచు నుంచి ఆయిల్ మట్టం దాకా స్టీలు స్కేలుతో కొలిచి, రెండు కాళ్లలో ఒకేలా ఉందో లేదో చూడండి. నా లెక్కలో కొలిచి పోసిన ఎంఎల్ కంటే ఈ మట్టమే ముఖ్యం.

తీసిన పాత ఆయిల్ సీసాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షాపులో ఇవ్వండి. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో పోయకండి. ఆ నీళ్లు కింద పొలాలకు వెళ్తాయి.

## మీరు ఎవరైతే ఏది?

కాలేజీ కుర్రాడు, చేతిలో డబ్బు తక్కువ, పాత పల్సర్, పైపు నున్నగా ఉంది: సీళ్లు నువ్వే మార్చుకో తమ్ముడూ. అయితే పక్కన ఒకరుండాలి. డిస్క్ ఉంటే ప్యాడ్లు తప్పకుండా చూసుకో.

నాన్నగారిదో తాతగారిదో బండి, జ్ఞాపకంగా ఉంచుకున్నారు, నెలకోసారి తిప్పుతారు: నిలిచి ఉన్న బండికి గుంటలు ఎక్కువ. ఫోర్కు పూర్తిగా విప్పించి, పైపులు వెలుతురులో చూసుకుని, క్రోమ్ వేయించాలో కొత్తవి వేయాలో తేల్చుకోండి. తొందరపడకండి. ఆపైన నెలకోసారైనా ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పండి, పైపు మీద నూనె పొర ఉంటేనే తుప్పు దూరంగా ఉంటుంది.

మిర్చి యార్డుకి, మార్కెట్‌కి రోజూ బరువులతో తిరిగే బండి: కాళ్లు విప్పి ఇచ్చే పద్ధతి. బండి ఒక్క రోజు కంటే ఆగదు. రబ్బరు బూట్లు వేయించండి, ఆరు నెలలకోసారి పైకి జరిపి తుడవండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండి పనిచేసుకునే చోటు లేనివాళ్లు: ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, అట్టపెట్టె పరిచి ఎక్స్‌రే ఫిల్మ్ ప్రయత్నం మాత్రం చేసి చూడండి. ఆగితే సరే. ఆగకపోతే షాపుకే.

ఇక ఎవరు చేసినా, పని అయ్యాక తెల్లటి పొడి గుడ్డతో పైపు తుడిచి ఉంచండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక టీ బోల్టులు, యాక్సిల్ బిగింపు ఒకసారి సరిచూసి, అదే గుడ్డతో మళ్లీ పైపు చుట్టూ తుడవండి. మొదటి వారం సన్నటి నూనె వలయం కనబడటం మామూలే, సీలుకు పూసిన ఆయిల్ అది. రెండో వారం కూడా గుడ్డ తడిస్తే ముందు సీలు కింద ఇసక చూడండి, ఆ తర్వాత మళ్లీ గోరు పెట్టి పైపు చూడండి.